కాలికి సెలవు, రెక్కలకు పని: గుడివాడ నుంచి కోడూరు దాకా

గుడివాడలో నా ఎడమకాలి స్కాన్ చూసిన డాక్టరు గారు, "పిక్క ముందెముక బీటిచ్చిందండీ. ఆరు వారాలు పరుగు మాట ఎత్తొద్దు" అన్నారు. దమ్ము తగ్గకుండా ఉండాలంటే ఈతో, తెడ్డు వేయడమో, చేతులతో తిప్పే సైకిలో ఏదో ఒకటి చూసుకోమన్నారు. నా దిగులు కాలి గురించి కాదు. దివిసీమలో, కోడూరు దగ్గర మా సంఘంలో సుందరరావు అని ఒక తమ్ముడున్నాడు. చిన్నప్పుడే చూపు పోయింది. చేపల చెరువులో మేత వేస్తాడు. నేను పాస్టర్ని. నెలకు రెండు ఆదివారాలు అటు వాక్యం చెప్పడానికి వెళ్తాను. ముందురోజే చేరుకుని, ఇద్దరి మణికట్లకూ ఒక నాడా కట్టుకుని కరకట్ట మీద పరుగెత్తుతాం. మూడేళ్లుగా ఇదే వరస. ఇంకో తొమ్మిది వారాల్లో విజయవాడలో ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. అతనికి అదే మొదటిది. పక్కన మనిషి లేకపోతే అతనికి ఆ పరుగే లేదు. పాపం మీద మైకు ముందు గంటసేపు గర్జించగలను గాని, ఈ ఒక్క సంగతి చెప్పాలని తీసిన ఫోను మళ్లీ జేబులో పెట్టేశాను. అందుకే శనివారం తెల్లవారుతూనే బయల్దేరాను.

అయిదుంపావు బస్సెక్కితే పెడన మీదుగా ఆరున్నరకి బందరు చేరింది. అరవై రూపాయల లోపే టిక్కెట్టు. కోడూరు వెళ్లేలోపు చేతుల కసరత్తు ఒకటి చూసుకుందామని మంగినపూడి బీచికి ఆటో మాట్లాడుకున్నాను. రానూపోనూ, అక్కడ గంటసేపు ఆగడంతో సహా నాలుగు వందలన్నాడు. సముద్రంలో చుట్టూ వేసిన పెద్ద అలివి వలను పదిమంది తాళ్లతో ఒడ్డుకు లాగుతున్నారు. వలల మీద ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు గాని, ఒక్కసారైనా వల తాడు ముట్టుకున్న పాపాన పోలేదు. ఇది రెక్కల పనే అనుకుని, అడిగి మరీ తాడు పట్టుకున్నాను. రెండు నిమిషాలకే పిక్క ముందు ఎముక సలపడం మొదలైంది. నా వెనకున్న పెద్దాయన, నా ప్రసంగాలు విన్నవాడే, పగలబడి నవ్వాడు.

"అదేంటండీ పాస్టరు గారూ! వల లాగేది కాళ్లతోనూ నడుంతోనూ. చేతులు ఊరికే పట్టుకోటానికేనండీ."

"నాకింతవరకూ ఎవరూ చెప్పలేదయ్యా!"

"మీరెక్కడ చెప్పనిస్తారండీ? ఎప్పుడూ మీరే చెప్తంటారాయె!"

నవ్వుతూనే నన్ను పక్కకు లాగి, పడవ అంచు మీద కూర్చోబెట్టి, తన ఫ్లాస్కులో టీ పోశాడు. ఆ టీకి నేను దేవునికి చేసిన స్తోత్రం నోటిమాట కాదు.

బందరు బస్టాండు దగ్గర పెసరట్టు తిని, తొమ్మిదింటి బస్సులో చల్లపల్లి, మోపిదేవి దాటి అవనిగడ్డ వెళ్లాను. గంటన్నర పట్టింది. అక్కడినుంచి కోడూరుకి బస్సులు తక్కువ. నేను నలభై నిమిషాలు నిలబడ్డాను. మీరు షేర్ ఆటో ఎక్కేయండి. చెరువు గట్టు మీదికి నేను వెళ్లేసరికి సుందరరావు తవుడు, వేరుశెనగ చెక్క కలిపిన మేత సంచులు పడవలో సర్దుకుంటున్నాడు. నా అడుగు విని లేచాడు.

"అన్నయ్య గారూ, కుంటుతున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్లారా?"

నేను దారంతా కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"నాకు తెల్సండి. పోయిన నెల రెండుసార్లూ మీ ఎడమకాలు చప్పుడు తేడాగా ఉంది. అడిగితే విశ్వాసం మీద ప్రసంగం చెప్పారు. ఆరు కిలోమీటర్లు!"

నిజమే. అతను అడిగిన రోజే నేను ఆగి ఉంటే ఎముక బీటిచ్చే దాకా వచ్చేది కాదు. క్షమించమన్నాను. "ముందు పడవెక్కండి" అన్నాడు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఒక నైలాను తాడు బిగించి ఉంది. పడవలో కూర్చుని, చెయ్యి తర్వాత చెయ్యి వేసి తాడు లాక్కుంటూ పోతే పడవ ముందుకు సాగుతుంది. తాడే దారి కాబట్టి చూపుతో పనిలేదు. కాళ్లు చాపుకోవచ్చు, ఎముక మీద బరువు పడదు. నీళ్లు రొమ్ము లోతే.

మొదటి సారి దాటుతూ, సముద్రం దాటిన జనం గురించి ఏదో ఎత్తుకున్నాను.

"మాట్లాడగలుగుతున్నారంటే సరిగ్గా లాగట్లేదండి. ఇంకొంచెం జోరు."

మూడు నిమిషాలు జోరుగా, రెండు నిమిషాలు నెమ్మదిగా, అలా ఆరుసార్లు. నాలుగోసారికి నా నోట వాక్యం లేదు, ఆమెన్ కూడా లేదు. కొండెక్కే పరుగులో ఉండే రొప్పు అదే! భుజాలు మండిపోతున్నా, కాలు మాత్రం హాయిగా ఉంది.

ఊపిరి తీసుకోనిచ్చి అసలు మాట అన్నాడు. "మీ కాలు కుదిరితే సంతోషం. కుదరకపోతే? బందరు డ్రిల్లు మాస్టారు గారిని అడగండి."

ఆ మాస్టారు మంచి పరుగుగాడు. బాప్తిస్మానికి నీళ్లలో ముంచాలా, నీళ్లు చిలకరిస్తే చాలా అన్న వాదనలో నేను ఆయన్ని సభలో పేరుపెట్టి కడిగేశాను. నాలుగేళ్లుగా మాటల్లేవు.

"ఆయన్నా?" అన్నాను.

"మీ ఇద్దరి తగాదా నీళ్ల దగ్గరండి. నాక్కావాల్సింది రోడ్డు మీద మనిషి."

గట్టు మీదే ఫోను చేశాను. ముందు నాలుగేళ్ల కిందటి మాటకు క్షమాపణ, తర్వాత ఈ సంగతి. మాస్టారు, "కరకట్ట మీదికి ఎన్నింటికి రమ్మంటారు?" అన్నారు. సుందరరావు నా చేతిలోంచి ఫోను లాక్కుని, "ఈ సాయంత్రం అయిదింటికండీ! అన్నయ్య గారు పడవలో ఉంటారు, మనం పరుగెడదాం" అన్నాడు.

యుద్ధం జరుగుతున్నంతసేపూ తనవాళ్ల గెలుపు కోసం కొండ మీద చేతులెత్తి నిలబడ్డ ముసలి దైవజనుడి చేతులు వాలిపోతే, చెరోవైపూ ఒకరు చేరి ఎత్తిపట్టారని వాక్యంలో ఉంది. ఆ మాట చెప్పిన ప్రతిసారీ ఆ ముసలాయన నేనే అనుకునేవాణ్ణి. ఆ రోజు చెరువు మీద తెలిసింది, నేను సుందరరావు పక్కన నిలబడాల్సిన ఇద్దరిలో ఒకణ్ణని, రెండోవాణ్ణి నాలుగేళ్ల కిందట నేనే తరిమేశానని. నవ్వి టీ పోసిన పెద్దాయనకు, కుంటు విన్న తమ్ముడికి, మారుమాటనకుండా వస్తానన్న మాస్టారికి నేను ఋణపడ్డాను.

కాలికి దెబ్బ తగిలి పరుగు ఆపినవారికి ఒక్క సలహా: చేతుల పని అని పేరున్నదల్లా చేతుల పని కాదు, కాబట్టి డాక్టరు ఒప్పుకున్నాక కూర్చుని చేసేదే ఎంచుకోండి. ఆ పైన, మీ పక్కన పరుగెత్తేవాడు "కాలెలా ఉంది?" అని అడిగితే అక్కడే ఆగి జవాబు చెప్పండి.