మామ రైఫిలుకు పన్నెండు సూచనలు

సనత్‌నగర్ కార్ఖానాలో నా పక్క బల్ల మీద డ్రాయింగులు గీసే ఒకాయన ఈ మధ్య పాయింట్ టూటూ రైఫిలు సంపాదించాడు. లైసెన్సు వచ్చింది, తూటాలు ఒక పెట్టె దొరికాయి, ఇక ఏ జాగ్రత్తలు తీసుకోవాలో రాసిమ్మని నన్ను అడిగాడు. అలాంటి జాబితా నా దగ్గర ముందే ఉంది. నాలుగేళ్ల కింద, అమీర్‌పేటలో మా మేనమామ కోసం రాసింది. దానికి నకలు తీసి ఇచ్చాను. పదకొండు సూచనల దాకా తల ఊపుతూ చదివాడు. పన్నెండో దగ్గర ఆగి, ఇది కుట్టుమిషన్‌కు సంబంధించింది కదా, పొరపాటున ఇందులో కలిసిందా అన్నాడు. పొరపాటున కలవలేదు. పొరపాటు వల్ల కలిసింది.

మామ దర్జీ. మగ్గాల ఊరు వదిలి వచ్చి అమీర్‌పేట రోడ్డు పక్కన దుకాణం పెట్టుకున్నాడు. ముందు దుకాణం, వెనక ఇల్లు. నేను అప్పుడు సాంకేతిక పాఠశాలలో ఫిట్టరు పని, మెకానికల్ డ్రాయింగు నేర్చుకుంటూ వాళ్లింట్లోనే ఉండేవాణ్ణి. పంజగుట్టలో ఒక వృద్ధ జాగీర్దారుకు మామ ఇరవై ఏళ్లుగా షేర్వానీలు కుట్టేవాడు. ఆయన తాను ఉండే దేవిడీ వెనక ఉన్న జామతోట బాగోగులు మామకు అప్పగించాడు. తోటలో పందికొక్కులు ఎక్కువ. మొదళ్ల దగ్గర బొరియలు తవ్వి వేర్లు కొరికేసేవి. ఆ మాట విని, ఆయన కొడుకులు చిన్నప్పుడు వాడిన రైఫిలును మామ పేరుకు మార్పించి, లైసెన్సు కూడా ఇప్పించాడు. ఒక్కసారికి ఒక్క తూటా పట్టే సాదా తుపాకి. దానితో పాటు ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం వచ్చింది.

ఆ పుస్తకం చదివి తెలుగులో రాయడం నా పని అయింది. అందులో పద్నాలుగు సూచనలు ఉన్నాయి. గోడ మీద సూచనలు ఎంత తక్కువ ఉంటే పనివాడు అంత ఎక్కువ చదువుతాడని మా వర్క్‌షాపు మాస్టారు చెప్పేవారు. అందుకని మూడు తీసేశాను. ఒకటి కొయ్యభాగానికి పాలిష్ గురించి. ఒకటి మరమ్మతుకు ఏ విలాసానికి పంపాలో. మూడోది, తూటా లేకుండా ఉత్తగా ట్రిగ్గర్ నొక్కవద్దని. మొదటి రెండూ మాకు పనికిరానివి. మూడోది తుపాకి క్షేమానికే తప్ప మనిషి క్షేమానికి కాదనుకున్నాను.

మిగిలినవి డ్రాయింగు కాగితం మీద నల్ల సిరాతో, అంకెలు ఎర్ర సిరాతో రాశాను. మొదటి మూడు ఏ తుపాకికైనా వర్తించేవి: అందులో తూటా ఉందనే ఎప్పుడూ అనుకో, చంపదలచుకోని దాని వైపు మొన తిప్పకు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉంచు. నాలుగోది ఈ రైఫిలు కొన్నవాళ్లు ముఖ్యంగా తెలుసుకోవలసింది. తూటా చిటికెన వేలి గోరంత ఉంటుంది కాబట్టి అది ఆటవస్తువు అనిపిస్తుంది. కానీ మైలు పైన పోతుంది. కాబట్టి వెనక మట్టికట్ట ఉంటేనే పేల్చాలి, పైకి పేల్చకూడదు. అయిదోది నీళ్ల మీద, రాళ్ల మీద పేల్చవద్దని. పుస్తకంలో నీళ్లు ముందు, రాళ్లు తర్వాత. పంజగుట్ట నిండా బండరాళ్లే కాబట్టి నేను రాళ్లను ముందుకు తెచ్చాను. ఆరోది తూటా సైజు గురించి. ఏడోది, ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే మొన మట్టికట్ట వైపే ఉంచి ముప్పై లెక్కపెట్టి, ఆ తర్వాతే, తూటా పెట్టి మూసే బోల్టు తెరవాలని. ఆరోది తూటా సైజు గురించి. తక్కినవి శుభ్రం చేయడం, తాళం, లైసెన్సు కాగితం లాంటివి.

కాగితాన్ని మామ కుట్టుమిషన్ ఎదురుగా గోడకు అతికించాడు. ఆయనకు కొలతల అంకెలు తప్ప అక్షరాలు రావు. అత్తమ్మకు వచ్చు. ఆయన కాజాలు కుడుతుంటే ఆమె గుండీలు కుడుతూ ఒక్కో సూచన చదివేది. పది రోజుల్లో ఇద్దరికీ నోటికి వచ్చేశాయి, అదీ అంకెలతో సహా. నాలుగోది మొదటిసారి చదివిన రోజు అత్తమ్మ కొంచెం ఆలోచించి, మైలంటే తోటలో పేల్చింది మన దుకాణం దాకా వస్తుందా అని అడిగింది. దారి కొలిచి చూసి, ఇంచుమించు వస్తుందన్నాను. ఆ తర్వాత ఆమె కూడా తోటకు రావడం మొదలుపెట్టింది. జామకాయలు కోయడానికని చెప్పేది.

నాలుగో సూచన వల్ల మామ చిలకల్ని కొట్టలేకపోయేవాడు. అవి చెట్టు మీద ఉంటాయి, వెనక ఆకాశం ఉంటుంది. తోటలో ముందు నుంచీ పనిచేస్తున్న ముసలి మాలీకి ఇది నవ్వులాటగా ఉండేది.

“బందూకు దెచ్చినవ్, కాగితం సుత రాపిచ్చుకున్నవ్,” అన్నాడు ఒకసారి. “గా కాగితమే చిలకలకు సదివి వినిపియ్యి, దర్జీ భాయ్. సిగ్గుతోని అవే పోతయి.”

“నీకు సుత వినిపిస్త గానీ, జర పక్కకు జరుగు. మూడోసారి మొన ముందుకొచ్చినవ్,” అన్నాడు మామ.

యుద్ధం రోజులు కావడంతో తూటాలు దొరకడం కష్టంగా ఉండేది. వారానికి ఒకటి, ఎక్కువైతే రెండు పేల్చేవాడు. పేల్చిన ప్రతిసారీ నేను గమనించాను. పదకొండింటిలో ఒక్కటీ తప్పలేదు. నా జాబితా మీద నాకు నమ్మకం కుదిరింది.

ఆరు నెలలు గడిచాయి. ఒకనాడు పొద్దున్నే ముగ్గురం తోటకు వెళ్లాం. కట్ట అడుగున, బొరియ నోట్లో పందికొక్కు కనిపించింది. మామ మోకాలి మీద కూర్చుని గురి చూసి నొక్కాడు. టక్ అంది. పేలలేదు. పందికొక్కు లోపలికి పోయింది.

ఇక్కడ మామ పని గురించి ఒక మాట చెప్పాలి. మిషన్ మీద కుట్టు తప్పితే ఆయన ఆలోచించడు. కాలు ఆగుతుంది, మెడ వంగుతుంది, ఎడమ కన్ను మూసుకుంటుంది, కుడికన్ను సూది దగ్గరికి వెళ్తుంది. చెయ్యి అప్పటికే చక్రం మీద ఉంటుంది. ముప్పై ఏళ్లుగా రోజుకు ఎన్నోసార్లు చేసిన పని అది. టక్ అన్న శబ్దం ఆయనకు కుట్టు తప్పిన శబ్దం లాగే వినిపించి ఉంటుంది. కుడిచెయ్యి ట్రిగ్గర్ దగ్గరే ఉంది. ఎడమచెయ్యి గొట్టాన్ని తన వైపు తిప్పసాగింది. మెడ వంగింది. ఎడమ కన్ను మూసుకుంది.

నేను నాలుగడుగుల వెనక ఉన్నాను. ఆ జాబితా రాసింది నేను.

“ఏడోది,” అంది అత్తమ్మ.

ఆమె చెట్టు కింద, చేతిలో కాయతో నిలబడి ఉంది. గొంతు పెంచలేదు. ఇంట్లో గుండీలు కుడుతూ చదివే గొంతే. మామ చెయ్యి ఆగింది. గొట్టం అప్పటికి ఛాతీకి అడ్డంగా ఉంది.

“ఏడోదాంట్ల ఏమున్నది?” అంది మళ్లీ.

“మొన మట్టికి. ముప్పై,” అన్నాడు మామ. మొనను కట్ట వైపు తిప్పి, గట్టిగా లెక్కపెట్టాడు. కొలతలు చెప్పేటప్పటిలా ఒక్కో అంకె విడివిడిగా పలికాడు.

ముప్పై అయ్యాక బోల్టు తెరిచి తూటా కింద పడేయాలి. ఆయన అలా చేయలేదు. బోల్టు వెనకున్న బొడిపెను లాగి ట్రిగ్గర్ మళ్లీ నొక్కాడు. అది పేలింది. కట్ట మీద మట్టి లేచింది.

మాలీ బావి దగ్గర నుంచి వస్తూ, పేలింది కదా, ఇంకా ఎందుకు అట్లా నిలబడ్డారని అడిగాడు. తూటాలో లోపం లేదని, అది మొదటి నుంచీ పేలడానికి సిద్ధంగానే ఉందని అతనికి ఎలా చెప్పాలో తెలియలేదు. గొట్టం ముఖం ఎదుటికి వచ్చాక ఆ చెయ్యి బొడిపెను లాగి నొక్కి ఉంటే ఏమయ్యేదో చెప్పడం ఇంకా కష్టం. మామకు బతుకుతెరువు ఆ కుడికన్నే.

ఇంటికి వచ్చి ఖాళీ తూటాను భూతద్దం కింద చూశాను. మొదటిసారి పేల్చినప్పటి ఖాళీ తూటాను అప్పుడే గుర్తుగా నా డ్రాయింగు పెట్టెలో దాచుకున్నాను. రెంటినీ పక్కపక్కన పెట్టాను. మొదటిదాని అంచు మీద, ట్రిగ్గర్ నొక్కగానే తూటాను కొట్టే పిన్ను గుర్తు సన్నగా, లోతుగా ఉంది. కొత్తదాని మీద, రెండుసార్లు కొట్టినా, వెడల్పుగా, పైపైన ఉంది. పిన్ను మొన అరిగిపోయింది. బోల్టు తీసి తూటా కూర్చునే చోటు చూశాను. ఉక్కు అంచు మీద పిన్ను ఆకారంలోనే ఒక నొక్కు.

ఈ రకం తూటాలో నిప్పు పుట్టించే మసాలా అడుగు మధ్యలో ఉండదు, అంచు మడతలో ఉంటుంది. పిన్ను ఆ అంచునే కొడుతుంది. తూటా ఉంటే దెబ్బ మెత్తని ఇత్తడికి తగులుతుంది. లేకపోతే ఉక్కు ఉక్కును కొడుతుంది. ఒకటి రెండుసార్లయితే ఏం కాదు. అంత నొక్కు పడాలంటే వందలసార్లు కొట్టి ఉండాలి.

రైఫిలును ఉత్తగా ఎప్పుడైనా నొక్కావా అని మామను అడిగాను.

“రోజు పొద్దుగాల నొక్కుత,” అన్నాడు. “మిషిన్ ఉత్తగ తిప్పి సూస్త గద, దాని తర్వాత దీన్ని సుత ఓ పదిమాట్ల నొక్కుత. మొన మట్టిగోడకే వెడ్త. ఒకటోది, రెండోది, అన్ని సూస్కునే.”

నేను బడికి వెళ్లాక జరిగే పని అది. నేనెప్పుడూ చూడలేదు. నా జాబితాలో దాన్ని వద్దనే మాట లేదు. అలా నొక్కేటప్పుడు ఉన్నవన్నీ ఆయన పాటించాడు. పుస్తకంలో ఆ మాట ఉందని, తీసేసింది నేనేనని, అందువల్లే పిన్ను అరిగిందని, అందువల్లే పొద్దున తూటా పేలలేదని చెప్పాను. వరసగా చెప్పాను. వరసగా చెబితే సులభంగా ఉంటుందనుకున్నాను.

మామ బోల్టును చేతిలోకి తీసుకుని పిన్ను మొనను బొటనవేలి గోటితో రాసి చూశాడు. తర్వాత మిషన్ దగ్గరికి వెళ్లి, బట్టను నొక్కి పట్టే పాదాన్ని ఎత్తి, దాని కింది పేలికను తీసి చూపించాడు. పని లేనప్పుడు అక్కడ ఎప్పుడూ ఒక పేలిక ఉంటుంది.

“ఇది లేకుండ పాదం దించి తిప్పితే బట్టను జరిపే కింది పండ్లు అరుగుతయి,” అన్నాడు. “నేను ఉత్తగ తిప్పేటప్పుడు పాదం ఎత్తే తిప్పుత. గది సుత గంతేనా?”

అంతే అన్నాను.

“మరి గా ముక్క రాస్తే అయిపోవు గదరా, అల్లుడా.”

కోపం లేదు. కుర్చీలో కూర్చుని సూదిలో దారం ఎక్కించబోయాడు. మామూలుగా ఒక్కసారికే ఎక్కుతుంది. ఆ రోజు మూడోసారికి ఎక్కింది. అత్తమ్మ చూస్తున్నట్టు కనిపించలేదు గానీ, దారం ఎక్కేదాకా గుండీ కుట్టలేదు.

రైఫిలును నగరంలో తుపాకులు బాగుచేసే ఒకతనికి ఇచ్చాం. పిన్ను మార్చి, నొక్కును సరిచేశాడు. ఇక కాగితం మిగిలింది. ఆ కొత్త సూచన ముఖ్యమైంది కాబట్టి దాన్ని పైన పెట్టి, మిగతా అంకెలు మార్చి మళ్లీ రాస్తానన్నాను. అత్తమ్మ ఒప్పుకోలేదు. ఏడోది ఏడోదిగానే ఉండాలంది. కిందనే రాయమంది. నేను కలం తీసుకుని, పిన్ను, ఉక్కు, అంచు అని వాక్యం మొదలుపెట్టేలోపే ఆమె నా చేతిలోంచి కలం తీసుకుంది.

ఆ కాగితం ఇప్పటికీ వాళ్ల దుకాణం గోడ మీద ఉంది. పదకొండు నా చేతిరాతలో ఉన్నాయి. పన్నెండోది అత్తమ్మ చేతిరాతలో, పెద్ద అక్షరాల్లో ఉంది: పేలిక లేకుండ పాదం దించొద్దు.