సీసాకు పట్టిన చెమట

కోకాపేటలో మా ఆఫీసు పద్నాలుగో అంతస్తులో ఉంది. ఇవాళ మధ్యాహ్నం పక్క సీటు అమ్మాయి సాంబారన్నం కప్పులో వేడినీళ్ళు పోసింది. ఎండిన క్యారెట్ నానుతున్న తియ్యటి వాసన తగలగానే, సరుకు నాణ్యత కాగితం మీద సంతకం పెట్టబోతున్న నా చెయ్యి ఆగిపోయింది. యాదమ్మ గుర్తొచ్చింది.

ఎమ్మెస్సీ కాగానే కూకట్‌పల్లిలో కూరగాయలు ఎండబెట్టే చిన్న కార్ఖానాలో నాణ్యత చూసే ఉద్యోగంలో చేరాను. అక్కడ డ్రయ్యర్ నడిపేది యాదమ్మ. నారాయణపేట వైపు మనిషి, ఐదో తరగతితో చదువు ఆపేసింది. నాకేమో తల నిండా పుస్తకాల పొగరు. బీరువాలాంటి ఆ యంత్రంలో ట్రేల మధ్య వేడిగాలి తిరుగుతుంటే, ఆమె క్యారెట్ ముక్కలను అరవై డిగ్రీల దగ్గర తీరిగ్గా ఆరనిచ్చేది. ఆ నిదానం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

హైటెక్ సిటీ క్యాంటీన్లకు మొదటి పెద్ద ఆర్డరు వచ్చింది. లారీ పన్నెండింటికి వస్తుంది. యాదమ్మ కూరగాయలు తరిగే చోట ఉండగా నేను వేడిని ఎనభై ఐదుకు పెంచాను. పదకొండింటికల్లా ముక్కలు గలగలలాడాయి. పై ట్రేలోంచి నాలుగు ముక్కలు తీసి తేమ కొలిచే మిషన్లో పరీక్షించి, సరే అనుకున్నాను. అప్పుడే యాదమ్మ వచ్చింది. ఎనభై ఐదు అంకె చూసింది, నన్ను చూసింది. మధ్య ట్రేలోంచి ఒక ముక్క తీసి గోటితో నొక్కింది.

"పైన పెంకు కట్టింది బిడ్డా. లోపల తడి అట్లనే ఉన్నది."

"మిషన్ బాగానే చూపించింది కదా!"

"మిషన్‌కు నువ్వు పైట్రేనే చూపిచ్చినవ్."

కడిగి ఆరబెట్టిన పచ్చడి సీసాలో ఆ ముక్కలు పోసి, మూత బిగించి, ఎండలో గోడ మీద పెట్టింది. "జర ఆగు. లోపలిది అదే బయటికొస్తది."

వేడి ఎక్కువైతే పైభాగం ముందే గట్టిపడి తడికి దారి మూసుకుపోతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేనే. ఆ ముక్కలు ప్యాకెట్లలోకి పోతే బూజు పడుతుంది, అది జనం తింటారు. ఆపితే ఆర్డరు పోతుంది, మూడు నెలల నా ఉద్యోగమూ పోతుంది. బయట లారీ హారన్ మోగింది. సీసా లోపల మసక కమ్మింది, కాసేపటికి చుక్కలు జారాయి.

యజమాని ప్రసాద్ గారు నేను సంతకం పెట్టాల్సిన నాణ్యత కాగితం కోసం వచ్చి సీసా చూశారు. ఆయన ముఖం ఎర్రబడింది.

"హీటు పెంచిందెవరు?" అని యాదమ్మనే అడిగారు. ఆమె నా పేరు చెప్పలేదు. "ఇన్నేళ్ళు చేసి ఇదా? రేపట్నుంచి రావొద్దు!"

ఆమె టోపీ తీసి, ఏప్రన్ విప్పి, మేకుకు తగిలించి గేటు వైపు నడిచింది. నేను చూస్తూ నిలబడ్డాను. భయం, అంతే. ఆమె చెయ్యి గేటు గడియ మీద పడ్డాక గానీ నోరు తెరవలేకపోయాను.

"పెంచింది నేనండీ!"

ప్రసాద్ గారు యాదమ్మను వెనక్కి రమ్మన్నారు. తర్వాత లారీని ఖాళీగా పంపి, మళ్ళీ క్యారెట్ తెప్పించారు. నన్ను పొమ్మనలేదు. యాదమ్మ తిరిగొచ్చి ఏప్రన్ కట్టుకుంది.

"అరవైకి పెట్టు బిడ్డా. ఇగ దాన్ని ముట్టకు."

ఇప్పుడు నా టేబుల్ మీద ఎప్పుడూ ఒక ఖాళీ సీసా ఉంటుంది. ఏ సరుకైనా అందులో గంటసేపు కూర్చున్నాకే నా సంతకం. కొత్తవాళ్ళు చాటుగా నవ్వుకుంటారు, నవ్వుకోనీ. యాదమ్మ నేర్పిన విద్య ఇదేనని వాళ్ళకు గర్వంగానే చెబుతాను. చెప్పనిది ఒకటుంది. ఆ మేకు నుంచి గేటు దాకా పన్నెండు అడుగులు. అన్నీ ఆమెను నడవనిచ్చాను.