వజీఫా ఇంట్లో అద్దెకున్న రోజులు

ఆ ఆదివారం ఉదయం చార్మినార్ అవతల జహనుమా పేటలోని ఆ ఇంటి వాకిట్లో ఉన్న మనుషులు: ఇంటి యజమాని, ఆయన భార్య, వాళ్ల చిన్నకొడుకు, మేడమీది గదిలో కొత్తగా అద్దెకు దిగిన నేను. మిద్దె మీద పెద్దకొడుకు, అతని పావురాలు. ఉన్న వస్తువులు: నులక మంచాలు రెండు, చాప ఒకటి, లక్కగాజులు పేర్చిన పళ్లెం, వాటి మీద అతికించే అద్దపు రాళ్ల డబ్బా, ఉర్దూలో సగం రాసిన అర్జీ, సిరాబుడ్డి, విప్పేసిన టేబుల్ ఫ్యాను, నా డ్రాయింగ్ బోర్డు.

పెద్దకొడుకు మిద్దె మీంచి రెండుసార్లు ఈల వేశాడు. పావురాల కోసమనుకున్నాను.

ఇంటావిడ గాజుల పళ్లెం మంచం కిందికి తోసింది. ఇంటాయన అర్జీని దిండు కింద పెట్టి, సిరాబుడ్డి మీద తువ్వాలు కప్పాడు. చిన్నకొడుకు ఫ్యాను ముక్కలన్నీ చాపలో చుట్టి గోడవారకు జరిపాడు. తర్వాత ముగ్గురూ పడుకున్నారు. ఎండ ముఖం మీద పడుతున్నా కదల్లేదు.

ఇంటావిడ ఒక కన్ను తెరిచి నన్ను చూసింది.

"నువ్వు గూడ పండుకో బిడ్డా. గట్ల గీతలు గీసుకుంట కూసుంటే ఆయన ఏమనుకుంటడు?"

"నేను అద్దెకున్నవాణ్ణి కదండీ."

"మనిషివే గద. పండుకో."

పడుకున్నాను. గీతలు గీసే టీ-స్క్వేర్ చేతిలోనే ఉండిపోయింది.

గొడుగు పట్టుకుని ఒక ముసలి చప్రాసీ లోపలికొచ్చాడు. వేలితో ఒక్కొక్కరినే లెక్కపెట్టి, మిద్దె వైపు తలెత్తి నాలుగో మనిషిని కూడా లెక్కలో వేసుకున్నాడు. "అందరు మంచిగున్నరా?" అన్నాడు.

"ఏదో, ఉన్నం," అన్నాడు ఇంటాయన నీరసంగా.

"ఈయనెవరు?"

"కిరాయిదారు. కోస్తా దిక్కు నుంచి వచ్చిండు. ఇంజినీర్."

"అయ్యో, ఈయన గూడనా?" అని చప్రాసీ నా వైపు జాలిగా చూసి వెళ్లిపోయాడు. నేను ఇంజినీరును కాను, పాలిటెక్నిక్ చదివి నీటిపారుదల శాఖలో కాలువల పటాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఆయన జాలి మాత్రం దాని గురించి కాదని తర్వాత తెలిసింది.

సంగతేమిటంటే, ఇంటాయన తాత ఒక నవాబు గారి దేవిడిలో గడియారాలకు కీ ఇచ్చేవాడు. దేవిడి అంటే అక్కడ పెద్ద కోట లాంటి ఇల్లు. ఆ నవాబు సంతోషించి ఆయనకూ ఆయన వంశంలో పుట్టినవాళ్లకూ మెట్టినవాళ్లకూ బతికున్నంత కాలం నెలనెలా తలకింత అని వజీఫా రాసి ఇచ్చాడు. నవాబు పోయాడు, గడియారాలు ఆగిపోయాయి, వజీఫా మాత్రం ఆగలేదు. నేను దిగేనాటికి అది తలకు పదకొండు రూపాయలు. నలుగురికి నలభై నాలుగు. దానికి నా అద్దె ముప్పై ఐదు కలుపుకుని ఆ ఇల్లు గడిచేది.

ఆ వజీఫాకు ఒక షరతు ఉందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నౌకరీ చేస్తే బంద్. ఒక్కరు చేసినా అందరిదీ బంద్. మూడు తరాలుగా ఎవరూ ఈ షరతు దాటలేదు. తలలు లెక్కపెట్టడానికి దేవిడి చప్రాసీ వస్తే అందరూ పడుకునేది అందుకే.

నేను గమనించినంతలో ఆ నలుగురూ పని మానింది లేదు. ఇంటావిడ లాడ్ బజార్ దుకాణానికి గాజుల మీద రాళ్లు అతికించేది. "పని గాదు బిడ్డా, పొద్దు పోతలేదని," అనేది. దుకాణం వాడు జతకు ఎంతిస్తే అంత తీసుకునేది, ఎందుకంటే బేరమాడితే అది పనైపోతుంది. ఇంటాయన పేటలో అందరికీ అర్జీలు రాసిపెట్టి చాయ్, పాన్ మాత్రమే పుచ్చుకునేవాడు. చిన్నకొడుకైతే ఇంట్లో సరదాకన్నట్టు ఫ్యాను విప్పుతూ, సంతోష్‌నగర్‌లో ఒక ఫ్యాన్ వైండింగ్ షాపులో దొంగచాటుగా పని నేర్చుకుంటున్నాడు. అందరు కొడుకులూ తిరుగుళ్లు తిరిగొచ్చి పనికెళ్లామని తండ్రికి అబద్ధం చెప్తారు. ఇతనిది తిరగేసిన లెక్క.

"ఏడికి పోయినవ్‌రా పొద్దంత?"

"ఊకెనే తిరిగొచ్చిన బాపు."

"మంచిది," అనేవాడు తండ్రి, మనసు కుదుటపడి.

పెద్దకొడుకు పావురాలు ఎగరేసేవాడు. ముప్పై దాటినా పెళ్లి కాలేదు. నౌకరీ లేనివాడికి పిల్లనెవరిస్తారు? నౌకరీ చేద్దామంటే వజీఫా పోతుంది. ఈ చిక్కులో అతను హాయిగా ఉన్నాడు.

ఆ రోజుల్లోనే మా ఆఫీసులో టిఫిన్ వేళ ఒక వాదన నడిచేది. ప్రభుత్వం ఉన్నవాడికీ లేనివాడికీ, పని చేసేవాడికీ చేయనివాడికీ తేడా లేకుండా నెలకింత అని చేతిలో పెడితే ఏమవుతుంది? "ఏమవుతుందయ్యా, రేపణ్ణించీ మనకు టీ తెచ్చేవాడుండడు," అని మా హెడ్ క్లర్క్ తేల్చేశాడు. మిగతావాళ్లు ఊహించి వాదించేవాళ్లు. నేనొక్కణ్ణే అలాంటి ఇంట్లో అద్దెకున్నాను.

ఒక ఆదివారం సాయంత్రం చిన్నకొడుకు నా గదికి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"అన్నా, మా షాపు సేటు పక్కా నౌకరి ఇస్తనంటున్నడు. నెలకు తొంభై. శుక్రారం లోపల చెప్పకుంటె ఇంకొకన్ని పెట్టుకుంటడట."

"చేరిపో మరి. తొంభై అంటే నలభై నాలుగుకి రెట్టింపు పైన."

"అది నీ లెక్క. బాపు లెక్క వేరె ఉంటది. జర నువ్వు చెప్పు. నీ మాట ఇంటడు, కిరాయి టైముకిస్తవ్ గద."

ఆ రాత్రి అన్నాల దగ్గర చెప్పాను. కాగితం మీద రెండు నిలువు గళ్లు గీసి మరీ చూపించాను. ఇంటాయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివి పక్కన పెట్టాడు.

"ఇంజినీర్ సాబ్, సేటుకు కోపమొస్తది. జరమొస్తది. దివాలా తీస్తడు. వజీఫాకు కోపం రాదు. నేను రేపు కాలిరిగి మూలకు పడ్డ అది వస్తది. తొంభై మస్తుగుంటది, రేపు వాడు పొమ్మంటె? తొంభై పాయె, నలభై నాలుగు పాయె. అప్పుడు నీ కాగితం తింటమా?"

నా గళ్లలో కోపానికీ జ్వరానికీ చోటు లేదు. ఇది నిజంగానే నేను వేయని లెక్క. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"అసలు ఆ షరతు ఎక్కడ రాసుందండీ?" అన్నాను చివరికి.

"రాసుడేంది? మా నాయిన చెప్పిండు."

"దేవిడిలో అడగవచ్చు కదా?"

ఇంటావిడ చేతిలో గరిటె ఆగిపోయింది. "అడుగుతె అనుమానం రాదా? వీళ్లకెందుకొచ్చింది ఈ ఫికర్ అనుకోరా?"

చిన్నకొడుకు తలవంచుకుని అన్నం కలిపాడు. కలిపిందే కలిపాడు. తండ్రి అది చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఒకటో తారీఖు ఆ బుధవారమే వచ్చింది. ఆ రోజు హక్కుదారులంతా స్వయంగా దేవిడికి వెళ్లి లెక్కలు చూసే మున్షీ ముందు నిలబడాలి. నేను సెలవు పెట్టి నాలుగు అణాలు రిక్షాకిచ్చి వెంట వెళ్లాను. చిన్నకొడుకు వేళ్లకు వైండింగ్ వార్నిష్ మరకలు. కిరసనాయిలుతో రుద్దినా పోలేదని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

దేవిడిలో మిగిలిన ఒక్క మంచి గదిలో మున్షీ కూర్చున్నాడు. ముందు ఇనప్పెట్టె. నెత్తి మీద తిరగని ఫ్యాను. విసనకర్రతో విసురుకుంటూ చెమటలు కక్కుతున్నాడు.

నేను రాత్రి కూర్చుని తయారుచేసుకున్న ప్రశ్న అడగబోయాను. ఇంటాయన నా మణికట్టు పట్టుకున్నాడు. "వద్దు సాబ్."

"ఎవరి పేరూ చెప్పను," అని గుసగుసగా అని, గట్టిగా మొదలుపెట్టాను: "అయ్యా, ఉదాహరణకు ఒక హక్కుదారుడున్నాడనుకోండి. అతని పరిస్థితిలో ఏదైనా మార్పు వచ్చిన పక్షంలో, అది తాత్కాలికమైనా శాశ్వతమైనా..."

"ఎవరు పోయిన్రు?" అన్నాడు మున్షీ కంగారుగా. ఆయనకు తెలిసిన మార్పు అదొక్కటే.

"ఎవరూ పోలేదండీ. ఊరికే ఒక ఉదాహరణ."

"అరె, నలుగురు గీడనే ఉన్నరు గద భాయ్! ఉదాహరణ ఎవరు పోయిన్రు?"

ఇలా ఇంకో రెండు మాటలు నడిచేసరికి చిన్నకొడుకు విసిగిపోయాడు. వెనక కట్టుకున్న చేతులు రెండూ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"నేను పని చేస్తున్న మున్షీ సాబ్. ఫ్యాన్లకు వైండింగ్. నౌకరి గూడ దొరికింది. చేస్తె వజీఫా బంద్ అయితదా? అది చెప్పున్రి చాలు."

ఇంటాయన కళ్లు మూసుకున్నాడు. ఇంటావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పెద్దకొడుకు కిటికీలోంచి దేవిడి పావురాల్ని చూస్తున్నాడు.

మున్షీ ఆ వేళ్లను చాలాసేపు చూశాడు. తర్వాత పైకి చూశాడు.

"ఫ్యాన్లు చేస్తవా? ఈ పంకా బంద్ పడి నెలాయె. జర దేఖో బేటా."

"మున్షీ సాబ్, వజీఫా..."

"వజీఫాకేమైంది? సాంస్ చల్‌రీ క్యా నై, బస్. ఊపిరాడుతుందా లేదా, మేం చూసేది అంతే. పని చేసుకో, చెయ్యకు, పోయిన నవాబుకేంది, నాకేంది? ఎక్కు, ఆ స్టూలెక్కు."

చిన్నకొడుకు స్టూలెక్కాడు. కింద తండ్రి స్టూలు కాళ్లు గట్టిగా పట్టుకున్నాడు. అది కదులుతున్నందుకో, తనకు పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలనో నేను చెప్పలేను.

"ఇన్నొద్దులు ఎవరు గూడ అడగలే," అన్నాడు మున్షీ. "మా చప్రాసీ పోయినప్పుడల్లా మీ ఇంట్ల అందరు మంచాల మీదనే ఉంటరన్నడు. ఏదో పెద్ద బీమారీ అనుకున్నం. మొన్న కిరాయిదారుకు గూడ అంటిందన్నడు. ఈయనేనా?"

"నేనేనండీ," అన్నాను. "ఇప్పుడు తగ్గింది."

చిన్నకొడుకు పైనుంచి, "లోపల కాయిల్ కాలింది. దించి తీస్కపోవాలె," అన్నాడు. ఎంతవుతుందని మున్షీ అడిగాడు. వాడు తండ్రి మొహం చూశాడు. తండ్రి స్టూలు కాళ్లు వదలకుండానే, "చెప్పు. పని అయితె పైసలే గద," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో పెద్దకొడుకును, ఇంటావిడను ఒక రిక్షాలో ఎక్కించి, చిన్నకొడుకు ఫ్యాను మోటారు ఒళ్లో పెట్టుకుని మాతో ఎక్కాడు. రిక్షా చార్మినార్ దాటింది. అప్పుడు ఇంటాయన నాతోనో, తనతోనో అన్నాడు:

"నాకు రైల్వేల టికెట్ కలెక్టర్ నౌకరి వచ్చిండె. నల్లకోటుకు బట్ట గూడ కొన్న."

"ఆ బట్ట ఏమైంది బాపు?"

"మీ అమ్మ దిండ్లకు గలీబులు కుట్టింది."

ఇంటికి చేరాక ఆయన వాకిట్లో నిలబడి, అసలు ఈ షరతు తన నాయినకెవరు చెప్పారని భార్యనడిగాడు. ఆమె చెప్పులు విప్పుకుంటూ, "ఎవరో చెప్పేదేంది? మా అత్త చెప్తుండె, మీ నాయినకు పని పేరు చెప్తె జరమొస్తుండెనట," అంది. ముందు ఆయన భుజాలు కదిలాయి, తర్వాత నవ్వొచ్చింది. చివర్లో దగ్గొచ్చి మంచం మీద కూలబడ్డాడు. పడుకోలేదు, కూర్చున్నాడు.

"శుక్రారం దాక ఎందుకురా," అన్నాడు కొడుకుతో. "రేపే పో. సేటుకు కోపమొచ్చి పొమ్మంటె ఇంటికి రా. బువ్వకు ఫికర్ లేదు."

తర్వాత ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను. ఇంటావిడ లాడ్ బజార్ దుకాణానికి వెళ్లి జతకు రేటు పెంచమంది. కుదరదన్నాడు. "అయితె చెయ్య. నాకు వజీఫా ఉంది," అని గాజుల పళ్లెం అక్కడే పెట్టి వచ్చేసింది. మూడో రోజు దుకాణం వాడే పళ్లెం ఇంటికి పంపించాడు, పెంచిన రేటుతో. ఇంటాయన అర్జీకి పావలా అని పెట్టాడు. మొదటి వారంలోనే ముగ్గురు బేరమాడేసరికి సిగ్గుపడి మళ్లీ చాయ్, పాన్‌లకే దిగిపోయాడు. పెద్దకొడుకు పావురాలు ఎగరేస్తూనే ఉన్నాడు. ఈల వేయాల్సిన అవసరం మాత్రం తప్పింది. "అన్నా, నా నౌకరి ఒక్కటే పోయింది," అన్నాడు నాతో.

ఆఫీసులో ఇదంతా చెప్పాను. హెడ్ క్లర్క్ ఎగిరి పట్టుకున్నాడు. "చూశావా, ఊరికే ఇస్తే ఒకడు పావురాలు ఎగరేస్తున్నాడుగా!"

"ఇవ్వకపోయినా ఎగరేస్తాడండీ. అతన్ని నేను చూశాను."

"మిగతావాళ్లు?"

"మిగతావాళ్లు మొదటినుంచీ పని చేస్తూనే ఉన్నారు. ఇప్పుడు దాచుకోవడం లేదు. నచ్చకపోతే మానేస్తామని చెప్పగలుగుతున్నారు."

ఆయన ఒప్పుకోలేదు. టీ తాగాడు. టీ తెచ్చిన మనిషి మాత్రం గ్లాసులు తీసుకోకుండా అక్కడే నిలబడి, ఆ దేవిడి ఎక్కడుందని నన్నడిగాడు.

మరుసటి నెల ఒకటో తారీఖున చిన్నకొడుకు పనికి ఒక రోజు నాగా పెట్టి దేవిడికి వచ్చాడు. నేనూ సెలవు పెట్టి వెంట వెళ్లాను. ఊపిరి ఉందని చూపించాలంటే మనిషి రావాల్సిందే, దానికి మినహాయింపు లేదు. మున్షీ కొత్తగా తిరుగుతున్న ఫ్యాను కింద కూర్చుని నలుగురినీ లెక్కపెట్టి డబ్బులిచ్చాడు. సేటు నాగాకు కూలి కోస్తానన్నాడు. రిక్షాలో ఇంటికి వస్తూ చిన్నకొడుకు నా చేత లెక్క వేయించాడు. వజీఫా పదకొండు రూపాయలు. పోయిన కూలి మూడున్నర. రిక్షాలో అతని వంతు పావలా. మిగిలింది ఏడు రూపాయల పావలా. "ఊపిరి పీల్చినందుకు మంచిగనే గిట్టింది," అన్నాడు.