టేకు చేపా, బంతి పువ్వా

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న ఆ కాలంలో హైటెక్ సిటీలో పనికిరాని పనికి కూడా జీతమిచ్చేవారు, లేకపోతే నాకు ఉద్యోగమెక్కడిది. లోకంలో ఏ రెండింటినైనా పోల్చి, ఏది మేలో తేల్చి చెప్పే వెబ్‌సైటు మాది. (అడిగినవాడెవడని అడగకూడదు.) చివర విజేత పేరు రాయకపోతే పేజీ ముందుకు కదలదు. నా ప్రొబేషన్ ముగిసే రోజున నా వంతుకు వచ్చినవి సముద్రంలో పళ్లెంలా చదునుగా, పొడుగు తోకతో ఈదే టేకు చేప, పెరట్లోని బంతి మొక్క. సాయంత్రంలోగా ఇద్దరు సీనియర్లూ ఆ పేజీని ఒప్పుకుంటేనే ఉద్యోగం పర్మినెంటు, లేదంటే నిజాంపేట హాస్టల్ నుంచి నేరుగా కడప బస్సు.

టీమ్ లీడ్‌గారిది కాకినాడ. "టేకు చేపకి సాటి ఏవుందండీ? చేపే గెలిచిందని రాసేయండి" అన్నారు. రెండో సీనియర్ వరంగల్ అక్క కుర్చీ ఇటు తిప్పింది. "బంతిపువ్వు లేకుంటే బతుకమ్మ ఎట్ల పేరుస్తరు సార్? మా పువ్వును మీ చేపతోని ఓడగొడ్తరా?" అంది. ఇంకేముంది, నా పేజీలోకి నీళ్లు, నిధులు, నియామకాలు అన్నీ వచ్చిపడ్డాయి. సముద్రమూ బతుకమ్మా రెండూ లేని కడపదాన్ని, అడకత్తెరలో పోకచెక్కలా మధ్యన కూర్చున్నాను. ఏడుపొక్కటే తక్కువ.

ఆ రోజు బంద్, క్యాంటీన్ తెరవలేదు. మధ్యాహ్నం లీడ్‌గారు డబ్బా మూత తీసి, అక్క దగ్గర ఏమీ లేదని చూసి, సగం పులుసు ఆమె ముందుకు జరిపారు. టేకు చేపే. (వారానికి నాలుగు రోజులు ఆయన డబ్బాలో ఏదో ఒక చేప ఉండేది.) "ఏంది సార్, గింత మంచిగుంది" అని, అక్క నావైపు తిరిగి "ఇగ చేపనే గెలిపియ్యి" అంది. నేను ఊపిరి పీల్చుకునేలోపు ఆయనకు మొహమాటం ముంచుకొచ్చింది. "అబ్బే, బంతే గెలవాలండి. మా ఆవిడ కూడా మొన్న బతుకమ్మ ఆడిందండి." "వద్దు సార్, చేపనే." "కాదండి, పువ్వేనండి." పొద్దుటి పోట్లాటైనా ఎప్పటికో తేలేదేమో గాని, ఈ మర్యాదకు అంతు లేదు.

సాయంత్రమవుతుంటే నాకు ఒళ్లు మండింది. "చేపను మీరిద్దరూ తినేశారు. మిగిలింది బంతి, అందుకని బంతే గెలిచింది" అని చెప్పి, అదే పేజీలోనూ రాసి ముందు పెట్టాను. ఇద్దరూ నవ్వేసి ఒప్పుకున్నారు. ఉద్యోగం నిలిచింది.

తర్వాత రాష్ట్రం రెండైంది. లీడ్‌గారు కాకినాడ వెళ్లిపోకుండా ఇక్కడే బాచుపల్లిలో ఇల్లు కట్టుకున్నారు. ఏటా బతుకమ్మకు ఆయన పెరటి బంతిపూలు అక్క ఇంటికి వెళతాయి. నాకు మాత్రం ఆ రోజు వాళ్ల మర్యాదల మధ్య ఒక్క ముక్క కూడా దక్కలేదు, టేకు చేప రుచేమిటో నేటికీ తెలియదు. దాని గొప్పతనం గురించి సగం పేజీ రాసిన ఆ కడప పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది, పాపం, ఎంత ఆకలి మీదుందో.