కండెలు గుచ్చిన గోడ

చదువు సగంల ఉన్నప్పుడు మనిషికుండే ధీమా, చదువు అయిపోయినంక ఉండదు. అప్పట్ల నాకు గా ధీమా దండిగ ఉండె. మోతను మింగే పలకలు తయారుచేసుడు నా పరిశోధన. (దాన్ని మెటామెటీరియల్ అంటరు. కోరుట్ల బస్సుల పక్కసీటు ఆమెకు గీ మాట చెప్తే "గది తినేదా, పెట్టుకునేదా?" అన్నది.) టకటకమనే చప్పుడును స్పాంజి ఆపుతది గని, గోడలకెళ్లి దూరి గుండెల గుమ్మనే బొంగురు మోత దానికి లొంగది. గందుకే పలక నిండ డొల్ల గూళ్లు చేసి, గూటికో చిన్న బొక్క పెడ్తం. బొక్క సైజు ఆ మోతకు సరిగ్గ కుదిరితే లోపలి గాలి ఊగి మోతను తినేస్తది. కుదరకుంటే అది ఉత్త పలకనే.

సిరిసిల్లల మా మేనమామకు ఎనిమిది సాంచాలుండె, అంటే మరమగ్గాలు. గోడ అవతలి ఇంటామె బిడ్డ కాన్పుకొచ్చింది. సాంచాల మోతకు పసిగుడ్డు పగలంత కన్ను మూస్తలేదు. ఆమె కొట్లాడలేదు పాపం. "అన్నా, నెల రోజులు చూస్త. గప్పటికీ తగ్గకుంటే మున్సిపాలిటీకి పోవుడే" అన్నది. షెడ్డు మూతబడితే మామకు వేరే బతుకుదెరువు లేదు. "నేనుండంగ నీకేం రంది మామా!" అని ఒక్క పూటల మోత రికార్డు చేసుకున్న, లెక్కలు కట్టిన, పలకలు చేయించుకొచ్చి గడువుకు రెండు రోజుల ముందు గోడకు బిగించి ఇంటికి పోయిన.

తెల్లారి మళ్ల పోయేవరకు పక్కింటామె తన గడపల నవ్వుకుంట నిలబడ్డది. "నిన్న నా మనుమరాలు రెండు గంటలు పండుకున్నది బిడ్డా!" నేను ఎంత ఉబ్బిపోయిన్నో చెప్పలేను. ఫోటో తీద్దామని షెడ్డుల అడుగు పెట్టిన. పలకల సగం బొక్కలల్ల నూలు చుట్టే ఖాళీ కండెలు గుచ్చి ఉన్నయి! సాంచాలు బాగుచేసే మేస్త్రీ చాచా మురిసిపోతున్నడు. "కండెలు కాళ్ల కింద పడి విరుగుతుండె బేటీ. మంచి స్టాండు చేసినవ్."

"స్టాండా! నా డిజైనంత ఖరాబు చేసిండ్రు గదనే చాచా!" అని కోపంగ ఒక్కొక్కటి పీకేసిన. పావుగంటల గోడ అవతల పాప గుక్కపెట్టి ఏడ్చింది. "మళ్లేం చేసిండ్రే?" అని పక్కింటామె ఉరికొచ్చింది. మామ మొఖం తెల్లబోయింది.

చాచా మాత్రం గోడకు అరచెయ్యి ఆనిచ్చి, కండ్లు మూసి కొంచెంసేపు నిలబడ్డడు. "నువ్వు మోత పట్టుకపోయిననాడు ఎన్ని సాంచాలు నడిచినయి?"

నాలుగే. నా చెవులు నొస్తయని మామనే ముద్దుకొద్ది మిగిలినవి బందువెట్టిండు!

"గదీ సంగతి. ఎనిమిదీ నడిస్తే కరెంటు దిగుతది, వేగం తగ్గుతది, మోత ఇంకింత బొంగురైతది. నీ బొక్కలు గా నాలుగింటికే."

కండె గుచ్చితే బొక్క ఇరుకై పలక బొంగురు మోతకు కుదురుతది. గా సూత్రం నేను పరీక్షల రాసి మార్కులు కొట్టిన్నే! చాచా గోడమీది చెయ్యి తియ్యకుంట ఒక కండె నిండ, ఒకటి సగం గుచ్చుకుంట పోయిండు. నేను వెనుకనే మోత కొలిచే మీటరు పట్టుకొని నడిచిన. ఆయన చెయ్యి ఆగినకాడల్ల మీటర్ల ముల్లు దిగింది. సగం గోడ అయ్యేసరికి ఏడుపు ఆగింది. గసొంటి చెయ్యిని నేను ఇప్పటిదాక మళ్ల చూడలేదు.

పరిశోధన ఆఖరి పరీక్షల పెద్దసారు అడిగిండు: "ఇరుకు మార్చే ఈ ఆలోచన ఎట్ల తట్టిందమ్మా?" "లోతుగ అధ్యయనం చేసిన్సార్" అన్న. అందరు చప్పట్లు కొట్టిండ్రు. నెలరోజులు నిద్ర పట్టక, సిరిసిల్ల పోయి చాచా ముంగట తప్పొప్పుకున్న. ఆయన పానా తుడుచుకుంట నవ్విండు. "గా సారుకు నేనెవరో ఏమెరుక బేటీ? పాప పండుకున్నది గద."

గా చప్పట్లకు లేచి నిలబడి దండం పెట్టిన పిల్ల యాదికొస్తే ఇప్పటికీ నవ్వొస్తది, ఎంబడే సిగ్గయితది.