వారానికి ఏడు ఒక్కపొద్దులు

కర్నూలుకు రాజధాని వచ్చిన మరుసటేడు నన్ను నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు కోడలిగా పంపించారు. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. ఆ వయసుకు పెళ్ళికాని పిల్ల ఎలా ఉంటుందో చూడ్డానికి పాణ్యం నుంచి ప్రత్యేకంగా బస్సులు వేశారని మా పెద్దమ్మ చెప్పేది. అబద్ధమే గానీ, ఆమె చెప్పే తీరుకు నేను కూడా కొన్నాళ్ళు నమ్మాను.

మా ఆయన ఎంత పొడగరి అంటే, జొన్నచేలో నిలబడితే పిట్టలు ఆయన తలపాగాను మంచె అనుకుని వాలేవి. గొంతు మాత్రం మెత్తన. నేను నవ్వితే ముందు తానూ నవ్వేసి, ఎందుకు నవ్వామో తర్వాత అడిగేవాడు. అలాంటి మనిషి నచ్చకుండా ఎలా ఉంటాడు? నా చిక్కంతా అదే. నచ్చకపోతే మూటాముల్లె సర్దుకుని నంద్యాల బస్సు ఎక్కేదాన్ని. ఆయన నచ్చాడు, పక్క మాత్రం భయం.

కారణం నొప్పి. మిరపకాయలు తుంచిన చేత్తో కన్ను నలుపుకున్నా అంత మంట ఉండదు. నేను ఏ సంగతైనా పదింతలు చేసి చెబుతానని మా ఇంటిల్లిపాదీ ఎరుగుదురు. ఈ ఒక్కటి మాత్రం ఉన్నదాంట్లో పదోవంతే చెబుతున్నాను. మా అమ్మను అడిగితే "కొత్తలో అంతేలేమ్మా" అంది. కొత్త పాతబడింది, నొప్పి పాతబడలేదు. నొప్పి వస్తుందన్న భయానికి ఒళ్ళు కట్టెలా బిగుసుకునేది. బిగుసుకున్న కొద్దీ నొప్పి ఇంకా ఎక్కువయ్యేది.

ఇలా ఉండగా ఒక శనివారం మా అత్త నాకు ఇంటి ఆచారం చెప్పింది.

"ఈపొద్దు నరసింహస్వామి ఒక్కపొద్దు. ఒక్క పూటే తిండి. చాప మీద పడుకో. మొగుని పక్కకు పోవాకు."

చివరి మాట వినగానే అహోబిలం కొండ దిగివచ్చి స్వామే నా నెత్తిన చెయ్యి పెట్టినట్టయింది. ఆ వారమే మహానంది ఈశ్వరుడి కోసం సోమవారం పట్టాను. ఆంజనేయుడికి మంగళవారం. మంత్రాలయం స్వామికి బేస్తవారం. అమ్మవారికి శుక్రవారం, సూర్యుడికి ఆదివారం. బుధవారానికి మాత్రం ఓ పట్టాన దేవుడు దొరకలేదు. చివరికి వినాయకుడికి ఇచ్చాను. ఆయన బ్రహ్మచారి కదా, నా గోడు తెలుసుకుంటాడని.

అలా మా ఆయన తప్ప ముక్కోటి దేవతలూ నావల్ల తృప్తి పడ్డారు.

మా అత్త మొదట్లో పొంగిపోయింది. వీధి అరుగు మీద కూర్చుని "మా కోడలు మనిషి కాదమ్మా" అని దారినపోయే వాళ్ళందరికీ చెప్పేది. ఒకామె వచ్చి, తమ ఎద్దు మేత ముట్టడం లేదు, చిటికెడు విబూది ఇమ్మంది. పొయ్యిలోంచి తీసి ఇచ్చాను. ఆ పాడు ఎద్దు ఆ సాయంత్రమే గాడి ఖాళీ చేసి పక్కింటి గడ్డివామి మీద పడిందట! ఇంకేముంది, కోయిలకుంట్ల దాకా పాకింది నా మహిమ. పొద్దున లేచేసరికి వాకిట్లో జనం. ఒక ముసలాయన తన గేదెను వెంట తోలుకునే వచ్చాడు.

ఆ సందడంతా చూసి మా ఆయన ఒకరోజు మధ్యాహ్నం పెరట్లో నా పక్కన నిలబడ్డాడు. కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"మే, నేనంటే గిట్టకుంటే చెప్పు. మీ నాయన ఇంట్లో మర్యాదగా దిగబెట్టి వస్తా. దేవుళ్ళనందర్నీ అడ్డం పెట్టాల్నా?"

నోరు తెరిచాను. దేన్నైనా పదింతలు చేసి చెప్పే నోరు, ఒక్క ముక్క పలకలేదు. ఆయన తలపాగా చుట్టుకుని చేనికి వెళ్ళిపోయాడు. అంత ఎత్తు మనిషీ ఆ వేళ పొట్టిగా కనిపించాడు. పోగొట్టుకుంటున్నాను ఈ మనిషిని అనుకున్నాను.

దుఃఖం వస్తే నాకు ఆకలి వేస్తుంది. ఆరోజు ఒక్కపొద్దు అన్న సంగతి పక్కనబెట్టి, ధాన్యం గాదె వెనక కూర్చుని గిన్నెడు ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు ముందు పెట్టుకున్నాను. బొరుగులు నానబెట్టి తాలింపు పెట్టిన ఉగ్గానికి ఎంతటి తపస్సునైనా చెడగొట్టే గుణం ఉంది. రెండో బజ్జీ కొరుకుతుండగా తల ఎత్తితే ఎదురుగా మా అత్త!

అరుస్తుందనుకున్నాను. ఆమె నెమ్మదిగా చతికిలబడి, నా గిన్నెలోంచి ఒక బజ్జీ తీసుకుంది.

"తిను. తిని చెప్పు. ఈ ఒక్కపొద్దులు దేవునికి కాదు గదా?"

"కాదత్తా."

"వాడు కొడ్తాండాడా?"

"అయ్యో, లేదు! నొప్పి అత్తా. పక్కకు పోతే... ఓర్చుకోలేని నొప్పి."

మా అత్త బజ్జీ నమలడం ఆపేసింది.

"నాకూ ఉన్నింది బిడ్డా, మీ మామ కాడ. మా అమ్మ పండ్లు కొరుక్కో అనె. కొరికి కొరికి పండ్లు అరిగిపాయె గానీ అది పోలా. నేను సోమవారం, బేస్తవారం, శనివారం ఇన్నేండ్లు ఊరికే ఉన్న్యా అనుకున్న్యావా?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. గాదెలో ఎలుకలు ఊరు వదిలి పోయేంత నవ్వాం. నవ్వు అయిపోయాక ఆమె చెంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది.

"నేను ఎవరినీ అడగలా. నువ్వు అడుగు. మీ నంద్యాలలో ఆడ డాక్టరమ్మ ఉందంట. పోదాం పద. వాణ్ణీ రమ్మంటా."

మర్నాడు ముగ్గురం బస్సు ఎక్కాం. "యాడికి పోతాండారు?" అని అడిగిన వాళ్ళందరికీ మా అత్త "ఒక్కపొద్దులు ఎక్కువై నీరసం" అని చెప్పింది. దాంతో బస్సులోనే ఇద్దరు నా కాళ్ళకు మొక్కారు.

డాక్టరమ్మది గుంటూరు వైపు. నా చిటికెన వేలంత మనిషి, గొంతు మాత్రం రైలు కూత. నేను మొదటిసారి ఒక మనిషికి మొత్తం చెప్పాను. ఆమె చెయ్యి కడుక్కుని, ముందు నన్ను అడిగింది.

"చూడవచ్చా అమ్మా? చాలు అన్నావంటే అక్కడే ఆపేస్తాను."

చాలు అన్నాను. ఆపింది. నిజంగానే ఆపుతుందా అని పరీక్షించడానికి ఇంకోసారి అన్నాను. ఇంకోసారీ ఆపింది. ఆ తర్వాత నాకే అనాలనిపించలేదు.

"పుండు లేదు, వాపు లేదు. అవి ఉంటే మందిచ్చేదాన్ని. నీలో లోపమేమీ లేదు. కంటి దగ్గరికి చెయ్యి వస్తే రెప్ప నిన్ను అడిగి మూసుకుంటుందా? ఇదీ అంతే. ఒకసారి నొప్పి చూసిన కండ, మళ్ళీ వస్తుందని తనంతట తానే బిగుసుకుంటుంది. దాన్ని తిట్టి లాభం లేదు. నెమ్మదిగా నమ్మకం కలిగించాలి."

తర్వాత మా ఆయన్ని లోపలికి పిలిచి అదంతా మళ్ళీ చెప్పింది. ఆయన గుమ్మానికి తల తగలకుండా వంగి, అలా వంగినట్టే నిలబడి విన్నాడు. అంతా విని ఒకే ఒక్క మాట అడిగాడు.

"అయితే నేనంటే గిట్టక కాదా?"

"ఆమెనే అడుగు నాయనా."

"కాదు" అన్నాను. ఇన్నాళ్ళూ రాని మాట అంత చిన్నదని అప్పుడు తెలిసింది. ఆయన నిటారుగా నిలబడ్డాడు. తల దూలానికి కొట్టుకుంది.

డాక్టరమ్మ పద్ధతి చెప్పింది. ముందు ఆ ప్రయత్నమే మానేయాలి. పక్కన పడుకుని కబుర్లు చెప్పుకోవచ్చు, చెయ్యి పట్టుకోవచ్చు, అంతవరకే. నేను రోజూ పొట్టనిండా ఊపిరి తీసుకుని, మూత్రం ఆపుకున్నట్టు కండను బిగించి, వదిలినట్టు వదలాలి. అది చేతనయ్యాక కొబ్బరినూనె రాసుకుని, గోరు తీసిన నా చిటికెన వేలుతో నేనే అలవాటు చేసుకోవాలి. ఆ తర్వాతే ఆయన. అప్పుడూ ముందుకెంత, ఎప్పుడు అన్నది నా ఇష్టం. చాలు అంటే చాలు. నెత్తురు కనిపించినా, మంట తగ్గకపోయినా మళ్ళీ రావాలి.

"ఇదీ ఒక్కపొద్దు లాంటిదే గదా డాక్టరమ్మా" అన్నాడు మా ఆయన.

"ఈసారి ఇద్దరిదీ" అందామె.

మేము లేవబోతుంటే మా అత్త లోపలికి వచ్చి, కొడుకును బయటికి తోలి తలుపు దగ్గరగా వేసింది. "నాకు ముట్లు ఆగిపోయి చాన్నాళ్ళాయ. నా అట్లాంటి ముసిలిదానికి గూడా మందుంటాదా?" అని అడిగింది. డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీ చూపించి కూర్చోమంది.

ఆళ్లగడ్డకు వచ్చాక మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తూ బిగించి వదిలేదాన్ని. అంత శ్రద్ధగా మిరపకాయలు ఆరబోసే కోడలు జిల్లాలోనే లేదని పక్కింటివాళ్ళు మెచ్చుకున్నారు. సెనగనూనె తప్ప ఎరగని మా ఇంట్లో కొబ్బరినూనె సీసా వెలిసింది. మా ఆయన పక్కన పడుకుని జొన్నచేను, పిట్టలు, ఎద్దుల పేర్లు చెప్పేవాడు. పెళ్ళయిన ఇన్నాళ్ళకు మొగుడితో పరిచయమైంది. ఒక్కోసారి భయం మళ్ళీ వచ్చేది. చాలు అనేదాన్ని. ఆయన ఆపి, ఎక్కడ ఆపాడో అక్కడి నుంచి ఎద్దు కథ ఎత్తుకునేవాడు.

నొప్పి ఒక్క రోజులో పోలేదు. అంచెలంచెలుగా, పోతున్నానని చెప్పకుండా పోయింది. అది తగ్గినకొద్దీ నేను దేవుళ్ళకు వాళ్ళ వారాలు తిరిగిచ్చేశాను. మొదట వినాయకుడి బుధవారం. వీధి అదిరిపోయింది.

"ఏందమ్మా, మీ కోడలు బుధవారం తింటాంది?"

"దేవుడు చాలు అన్న్యాడు" అంది మా అత్త, చాట చెరుగుతూ.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయేనాటికి నాకు శనివారం ఒక్కటే మిగిలింది. అది నిజంగా స్వామి కోసమే. విబూదికి మాత్రం ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. కొందరు విబూది పుచ్చుకున్నాక కూడా లేచేవాళ్ళు కాదు, కొంగు కొస మెలిపెడుతూ కూర్చునేవాళ్ళు. వాళ్ళకు నంద్యాల బస్సు ఎన్నింటికో చెప్పేదాన్ని.

ఆ ఏడే ఒక మిట్ట మధ్యాహ్నం, మా అత్త నడిమింట్లో బాసిపట్టు వేసుకుని గిన్నెడు ఉగ్గాని, మీద బజ్జీలు పెట్టుకుని తింటోంది. మా మామ తమలపాకుకు సున్నం రాస్తూ చూశాడు.

"ఏమే, ఈపొద్దు బేస్తవారం గదా?"

"స్వామి చాలు అన్న్యాడు" అంది మా అత్త. నావైపు చూడకుండా, ఇంకో బజ్జీ తీసుకుంది.

మా మామ సున్నం రాసిన ఆకును చేతిలోనే పట్టుకుని, నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు.