లావు ముడి

తెల్లవారి ఐదున్నరకు కంపెనీ బస్సు లక్డారం మూలమీద హారన్ కొట్టేలోపు మొగులమ్మ తన మెడలో టై కట్టుకునేది. చీర మీద టై. ముడి కుదిరాక వదులు చేసి, తల మీదుగా తీసి, పెనిమిటి మెడలో వేసేది. పోచయ్యకు ఆ చుట్లు ఎంత చూపినా పట్టుబడలేదు. ఆమె మాత్రం పక్కింటి అరుణ ఫోన్‌లో మూడుసార్లు చూసి నేర్చుకుంది. ఇప్పుడూ హారన్ మోగుతుంది. ఆమె మంచం మీద నుంచి లేవదు.

పోచయ్య బొల్లారం దారిలో ఒక మందుల కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. ఉత్త రోజుల్లో ఒకే చుట్టుతో సన్న ముడి, వేలు పెట్టి లాగితే జారిపోయేది. పెద్దసార్ల మీటింగ్ ఉంటే ఇంకో మడత వేసి కాస్త నిండుగా కట్టేది. బయటి దేశం వాళ్లు తనిఖీకి వచ్చే రోజు మాత్రం రెండు పక్కలా చుట్టి, మూడు మూలల లావు ముడి. చూడ్డానికి దర్జాగా ఉంటుంది గానీ గొంతు కింద రాయిలా కూర్చుంటుంది. ఆమె పనితనం చూసి సూపర్‌వైజర్ మధుబాబు మిగతా ఐదుగురు గార్డుల టైలూ ఆమె దగ్గరికే పంపడం మొదలుపెట్టాడు. "మా ఇంటామె లేకుంటే మీ గేటే నడవది" అని పోచయ్య బస్సులో అందరినీ ఆటపట్టించేవాడట.

ఆయన పోయిన రోజు కట్టింది లావు ముడే. గేటు దగ్గర కుప్పకూలాడని, గుండెపోటని కంపెనీ వాళ్లు చెప్పారు. ఒంట్లో బాగాలేని సంగతి దాచి డ్యూటీకి వచ్చాడని కాగితం మీద రాసుకున్నారు. పదో రోజున, ఆయన పక్కనే గేటు మీద నిలబడిన రామన్న వచ్చి అసలు సంగతి చెప్పాడు.

"ఊపిరాడ్తలేదు సార్, జెర వదులు చేసుకుంట అన్నడు వదినె. రెండుసార్లు అడిగిండు. కార్లు లోపలికి పోయేదాంక ముడి మీద చెయ్యి పెట్టొద్దన్నడు సూపర్‌వైజర్."

మొగులమ్మ ఏడవలేదు. కట్టింది తన చేతులే, నిజమే. కానీ తన మెడలో ముడి తాను వదులు చేసుకోవడానికి ఒక మనిషి ఇంకో మనిషిని రెండుసార్లు అడగాలా? అడిగినా కాదంటారా? ఆ కార్లలో వచ్చినవాళ్లు గేటు మీద మనిషి మొహమైనా చూశారో లేదో.

పన్నెండో రోజు మధుబాబు సంచి పట్టుకుని తానే వచ్చాడు.

"ఎలా ఉన్నారమ్మా? ఎల్లుండి మళ్లీ ఫారిన్ వాళ్లు వస్తున్నారు. ఈ ఐదు టైలూ మీరు కడితేనే నీటుగా ఉంటాయి."

"మా ఆయన గుడ ఏదో అడిగిండంట గద సార్."

"ఏమడిగాడమ్మా?"

"వదులు చేసుకుంట అని."

మధుబాబు సంచిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "ఐదు నిమిషాలే కదమ్మా. అప్పటికే కార్లు గేట్లోకి వచ్చేశాయి. ఇలా అవుతుందని నాకేం తెలుసు?"

"ఆ మాట కాయితంల ఉన్నదా?"

"కాగితంలో అవన్నీ రాయరమ్మా."

"నా పెనిమిటి రోగం దాసిండని మాత్రం రాస్తరు."

రేపు సాయంత్రం రామన్న వచ్చి తీసుకెళ్తాడంటూ సంచిని మంచం మీద పెట్టి, బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మొగులమ్మ ఇల్లు ఊడ్చింది, బట్టలు ఉతికింది, బియ్యం ఏరింది. సంచి ముట్టుకోలేదు.

"కట్టలేదా వదినె?" వస్తూనే అడిగాడు రామన్న.

"కట్టలే. ఆ కాయితం మార్చి రాసేదాంక కట్టదంట అని చెప్పు. నలుగురి ముందట చెప్పు."

"నా డ్యూటీ పోతది గద వదినె."

"డ్యూటీ పోతదనే మీ అన్న గట్ల నిలబడ్డడు."

రామన్న సంచి అందుకున్నాడు. ఐదు టైలూ ఇస్త్రీ మడత చెదరకుండా అందులోనే ఉన్నాయి.